నెక్ కోసే ముందు ట్రెయిల్ లెక్క తేల్చుకోండి

చాపర్, అంటే ముందు చక్రాన్ని పట్టే ఫోర్కులు పొడుగ్గా ముందుకి వాలి ఉండే మోటార్‌సైకిల్, కట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని డిగ్రీలు పెడదాం?" అని. అడగాల్సిందే, కాకపోతే రెండో ప్రశ్నగా అడగాలి. మొదట తేల్చుకోవాల్సింది, బండి పూర్తయ్యాక ట్రెయిల్ ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలి అనేది. రేక్ కంటికి కనిపిస్తుంది, ట్రెయిల్ చేతికి తెలుస్తుంది. ఫొటోలో అద్భుతంగా ఉన్న బండి 70 కి.మీ. వేగంలో హ్యాండిల్ కొట్టుకోవడం మొదలుపెట్టిందంటే, చాలాసార్లు ఎవరో రేక్ చూసి ట్రెయిల్ వదిలేశారని అర్థం.

స్టీరింగ్ నెక్ (ఫ్రేమ్ ముందు చివర స్టీరింగ్ తిరిగే గొట్టం) నిలువు నుంచి ఎన్ని డిగ్రీలు వెనక్కి వాలి ఉందో అది రేక్. ఇప్పుడు నెక్ మధ్యలోంచి ఒక గీత కిందికి లాగితే అది చక్రానికి ముందు ఎక్కడో నేలను తాకుతుంది. యాక్సిల్ నుంచి దారానికి బరువు కట్టి వదిలితే అది ఇంకో చోట నేలను తాకుతుంది. ఆ రెండు గుర్తుల మధ్య దూరమే ట్రెయిల్. టైరు నేలను ఆనిన చోటు స్టీరింగ్ గీతకి వెనక ఉంటుంది కాబట్టే, బండి ముందుకి పోతున్నంతసేపూ చక్రం తనంతట తాను తిన్నగా నిలబడుతుంది. ఆ దూరం తగ్గితే నిలబెట్టే బలమూ తగ్గుతుంది. మరీ పెరిగితే స్టీరింగ్ బరువెక్కి, మెల్లగా పోతున్నప్పుడు చక్రం ఒక పక్కకి వాలిపోతూ ఉంటుంది.

రోడ్డు మీద నడిపే చాపర్‌కి 100 నుంచి 150 మి.మీ. మధ్య ట్రెయిల్ మంచిది. నేనైతే 125 నుంచి 135 మధ్యలో ఆగుతాను.

లెక్క ఇలా వేయాలి

ట్రెయిల్ = టైరు వ్యాసార్ధం × టాన్ రేక్ − ఆఫ్‌సెట్ ÷ కాస్ రేక్. ఫోన్‌లో ఉండే క్యాలిక్యులేటర్ చాలు. ఇక్కడ రేక్ అంటే నెక్ కోణమే, ఫోర్క్ కోణం కాదు. ఆఫ్‌సెట్ అంటే స్టెమ్ (నెక్ లోపల తిరిగే కడ్డీ) గీత నుంచి యాక్సిల్‌కి లంబంగా ఉండే దూరం. మామూలు టీలో, అంటే ఫోర్కుల్ని స్టెమ్‌కి కలిపి పట్టే ట్రిపుల్ ట్రీలో, ఫోర్కులు స్టెమ్‌కి సమాంతరంగా ఉంటాయి కాబట్టి స్టెమ్ మధ్య నుంచి ఫోర్కు పైపుల మధ్యకి కొలిస్తే సరిపోతుంది. యాక్సిల్ ఫోర్క్ పైపుకి ముందుకి జరిగి ఉండే రకమైతే ఆ దూరాన్నీ కలపాలి.

ఒక బండి తీసుకుందాం. ముందు చక్రం 21 అంగుళాలు, 90/90 టైరు, బరువు పడ్డాక వ్యాసార్ధం 345 మి.మీ. రేక్ 30 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 50, కింది టీ నుంచి యాక్సిల్ దాకా ఫోర్క్ పొడవు 560. లెక్క వేస్తే ట్రెయిల్ 141 మి.మీ. వస్తుంది. హాయిగా నడిచే బండి.

ఈ బండి నెక్‌ని 38 డిగ్రీలకి మార్చి పాత టీనే ఉంచామనుకోండి. ట్రెయిల్ ఒక్కసారిగా 206 మి.మీ.కి ఎగబాకుతుంది. 40 డిగ్రీలైతే 224. ఇలాంటి బండి తిన్నటి రోడ్డు మీద రైలులా పోతుంది గానీ, పార్కింగ్‌లో తిప్పేటప్పుడు హ్యాండిల్ చేతిలోంచి గుంజుకుపోతుంది. ఈ వాలిపోయే గుణానికీ ఒక లెక్క ఉంది: ట్రెయిల్ × సైన్ రేక్ × కాస్ రేక్. మొదటి బండికి అది 61 మి.మీ. దగ్గర ఉంటే, 38 డిగ్రీల బండికి 100కి చేరుతుంది. మలుపులో సగం బలం చక్రాన్ని ఆపి పట్టుకోవడానికే పోతుంది.

రెండో దారి నెక్ ముట్టుకోకుండా రేక్డ్ టీ వేయడం. ఈ టీలో ఫోర్కు రంధ్రాలు స్టెమ్‌కి 3, 5 లేదా 7 డిగ్రీలు తిప్పి కోసి ఉంటాయి. బోల్టులు విప్పి బిగించడమే, వెల్డింగ్ లేదు, అందుకే అందరికీ ఇది సులువుగా కనిపిస్తుంది. కానీ ఇది ఫోర్కుని ముందుకి తన్ని ఆఫ్‌సెట్‌ని పెంచుతుంది, దాంతో ట్రెయిల్ పడిపోతుంది. అదే 30 డిగ్రీల బండికి, బండి ఎత్తు మారకుండా ఫోర్కులు సరిపడా పొడిగించుకున్నాక, 3 డిగ్రీల టీతో ట్రెయిల్ 106 దగ్గర ఉంటుంది. 5 డిగ్రీలతో 82. 7 డిగ్రీలతో 56. మొదటిది పర్వాలేదు. రెండోది వద్దు. మూడోది వేసుకుని రోడ్డెక్కకూడదు. స్టీరింగ్ వెన్నలా తేలిగ్గా ఉండటంతో మొదటి పది నిమిషాలు బాగానే ఉందనిపిస్తుంది, ఆ తేలికే ప్రమాదం. ఓ చిన్న గుంతో, టైరులో కాస్త అసమతూకమో చాలు, సెకనుకి నాలుగు నుంచి పదిసార్లు హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. ఆ ఊపులో చేతులతో పట్టి ఆపడం సాధ్యం కాదు.

సరైన దారి ఈ రెండూ కలిపితేనే. నెక్ 38 డిగ్రీలు, దాని మీద 5 డిగ్రీల టీ. ఫోర్కులు 43 డిగ్రీలకి పరుచుకుంటాయి. చూసేవాడి కంటికి కనిపించేది ఈ 43. స్టీరింగ్‌కి తెలిసేది మాత్రం 38. ఆఫ్‌సెట్ 50 నుంచి దాదాపు 109కి పెరిగి, ట్రెయిల్ 132కి వచ్చి కూర్చుంటుంది. చక్రం వాలిపోయే గుణం 64 మి.మీ., అంటే మొదటి బండికి దాదాపు సమానం. రూపం మొత్తం మారింది, నడక మారలేదు. స్వీడిష్ పద్ధతి చాపర్లు అంతంత పొడుగు ఫోర్కులతో కూడా రోడ్డు మీద బుద్ధిగా పోయాయంటే, ట్రెయిల్‌ని ఇలా సరిచేసుకోవడమే కారణం.

ఇక్కడ ఒక గందరగోళం గురించి చెప్పాలి. రేక్డ్ కప్పులు వేరు, రేక్డ్ టీ వేరు. కప్పులు నెక్ లోపల బేరింగుల్ని వంకరగా కూర్చోబెట్టి స్టీరింగ్ గీతనే వాలుస్తాయి, దాంతో ట్రెయిల్ పెరుగుతుంది. టీ ఫోర్కుని మాత్రమే వాలుస్తుంది, ట్రెయిల్ తగ్గుతుంది. కొనేటప్పుడు పెట్టె మీద రెండింటికీ "5 డిగ్రీలు" అనే ఉంటుంది. ఏది కొంటున్నామో తెలియకపోతే ఫలితం పూర్తిగా తిరగబడుతుంది.

ఫోర్క్ పొడవు

ఫోర్క్ ఎంత వాలితే బండి ముందు భాగం అంత కిందికి దిగుతుంది. ఫ్రేమ్ పాత ఎత్తులోనే నిలవాలంటే పొడవు పెంచాలి. పై బండిలో కింది టీ నుంచి యాక్సిల్ దాకా నిలువు దూరం: 560 × కాస్ 30, అందులోంచి ఆఫ్‌సెట్ × సైన్ 30 తీసేస్తే 460 మి.మీ. 43 డిగ్రీల దగ్గర అదే 460 రావాలంటే ఫోర్క్ 675 ఉండాలి. అంటే 115 మి.మీ. ఎక్కువ, దాదాపు నాలుగున్నర అంగుళాలు.

అంతటితో అయిపోలేదు. నెక్‌ని పైభాగం దగ్గర కీలులా పెట్టి తిప్పితే దాని అడుగు ముందుకీ, కాస్త పైకీ జరుగుతుంది. 180 మి.మీ. పొడవు నెక్ 30 నుంచి 38కి మారితే అడుగు 14 మి.మీ. పైకి, 21 మి.మీ. ముందుకి వెళ్తుంది. ఆ 14ని సర్దడానికి ఫోర్క్ ఇంకో 19 మి.మీ. పెరగాలి. పొడవు మారితే రేక్డ్ టీ వల్ల ఆఫ్‌సెట్ మారుతుంది, దాంతో ట్రెయిల్ మారుతుంది. అందుకే లెక్కని రెండు మూడు విడతలు తిప్పి వేయాలి, అంకెలు కదలడం ఆగాక పైపులకి ఆర్డర్ ఇవ్వాలి. వీల్‌బేస్ (రెండు యాక్సిళ్ల మధ్య దూరం) కూడా దాదాపు 20 సెం.మీ. పెరుగుతుంది. షెడ్డు తలుపు దగ్గరే ఆ తేడా తెలుస్తుంది.

నెక్ మార్చకుండా ఉత్త పొడుగు ఫోర్కులు వేసి సరిపెట్టుకునేవాళ్లున్నారు. 1600 మి.మీ. వీల్‌బేస్ బండికి ముందు భాగం 28 మి.మీ. లేస్తే రేక్ ఒక డిగ్రీ పెరుగుతుంది. మూడు డిగ్రీలు కావాలంటే ముక్కు 84 మి.మీ. పైకెత్తాలి. అప్పుడు ఇంజిన్ వెనక్కి వాలుతుంది, కార్బురేటర్ ఫ్లోట్ మట్టం తప్పుతుంది, సైడ్ స్టాండ్ మీద బండి నిలబడే తీరు మారుతుంది, సీటు మీంచి వెనక్కి జారుతుంటారు. ఆకాశం వైపు చూస్తున్న బండి చాపర్ అనిపించుకోదు.

పైపుల పైన మర పెట్టి బిగించే పొడిగింపు ముక్కలు దొరుకుతాయి. అవి వాడకండి. వాలిన ఫోర్కులో గరిష్ఠంగా వంపు పడేది టీల దగ్గరే, సరిగ్గా ఆ మర పక్కనే. 30 డిగ్రీల దగ్గర చక్రం మీది బరువులో 0.50 వంతు ఫోర్కుని వంచే దిశలో పనిచేస్తే, 43 డిగ్రీల దగ్గర 0.68 వంతు పనిచేస్తుంది. పైగా పైపు పొడవైంది. ఒకే ముక్కగా, సరైన పొడవులో తయారైన పైపులే కొనాలి. ఆరు అంగుళాలకి మించి పొడిగిస్తుంటే 39, 41 మి.మీ. పైపులు ఊగుతాయి. అప్పుడు 49 మి.మీ. లేదా ఇంకా లావు వైపు వెళ్లడం మేలు.

వాలిన ఫోర్కులో బుష్షుల మీద పక్క ఒత్తిడి పెరిగి ఫోర్క్ జారడానికి మొరాయిస్తుంది. చిన్న గతుకులకి స్ప్రింగు కదలనే కదలదు, దెబ్బ నేరుగా మోచేతులకి తగులుతుంది. కొత్త బుష్షులు వేసి, రెండు ఫోర్కుల్నీ యాక్సిల్ దగ్గర సమాంతరంగా సర్దాకే పించ్ బోల్టులు బిగిస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. పైపు పెరిగినంత పొడవు స్పేసర్ స్ప్రింగు పైన పెట్టాలి, లేకపోతే స్ప్రింగు లోపల వదులుగా ఆడుతుంది.

కోత, వెల్డింగ్

ముందు ఫ్రేమ్ ఏ లోహమో చూడండి. అల్యూమినియం ఫ్రేమ్ అయితే ఈ పని మొదలుపెట్టకండి. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల లోహం తన బలంలో చాలా భాగం పోగొట్టుకుంటుంది, దాన్ని తిరిగి తేవాలంటే ఫ్రేమ్ మొత్తానికి హీట్ ట్రీట్‌మెంట్ కావాలి. నెక్ పోత పోసిన ఇనుముతో ఉన్నా మామూలు వెల్డింగ్‌తో అతకదు. ఉక్కు ట్యూబు ఫ్రేమే దీనికి తగినది. చాలా బళ్లకి చాసిస్ నంబర్ నెక్ మీదే కొట్టి ఉంటుంది. ఆ నంబర్ మీదుగా కోయకూడదు, గ్రైండర్ తగలకూడదు. ఫ్రేమ్ మార్పుకి మీరుండే చోట రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ వాళ్ల అనుమతి కావాలేమో కోతకి ముందే కనుక్కోవాలి.

బండిని పూర్తిగా విప్పి ఉత్త ఫ్రేమ్‌ని జిగ్ (ఫ్రేమ్ కదలకుండా పట్టి ఉంచే చట్రం) మీద బిగించాలి. జిగ్ ఆధారపడాల్సింది స్వింగ్ ఆర్మ్ పివట్ మీద, వెనక యాక్సిల్ మీద. నెక్ కోణాన్ని డిజిటల్ యాంగిల్ గేజ్‌తో కొలిచి, ముందుగా జిగ్ పట్టాలు మట్టంగా ఉన్నాయో రసమట్టంతో చూసుకుని సున్నా పెట్టాలి. ఫ్రేమ్ అర డిగ్రీ తప్పుగా కూర్చుంటే ఆ తర్వాత తీసిన కొలతలన్నీ అర డిగ్రీ తప్పే. నెక్ వెనక నుంచి చూసినప్పుడు నిలువుగా ఉండటం రేక్ కంటే ముఖ్యం. రేక్ ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే బండి నడుస్తుంది. నెక్ పక్కకి ఒక డిగ్రీ వాలితే బండి జీవితాంతం ఒక పక్కకి లాగుతుంది.

వెల్డింగ్ ముందు బేరింగ్ కప్పులు తీసేసి గ్రీజు పూర్తిగా తుడవాలి. వాటి స్థానంలో లాత్ మీద తిప్పించిన మందపాటి డమ్మీ మాండ్రెల్ దూర్చి ఉంచండి. వేడికి నెక్ రంధ్రం గుండ్రం తప్పకుండా అది కాపాడుతుంది. కోత రెండు వైపులా 50 మి.మీ. దాకా రంగు, క్రోమ్, జింక్ అంతా గ్రైండ్ చేసి తీసేయాలి. క్రోమ్, జింక్ పొగలు ఊపిరితిత్తులకి విషం. శుభ్రం చేయడానికి అసిటోన్ వాడండి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ ఆర్క్ వెలుగు తగిలితే ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువుగా మారుతుంది. ఈ ఒక్క విషయంలో తొందర వద్దు.

రేక్ పెరగాలంటే నెక్ అడుగు ముందుకి రావాలి. కాబట్టి పైన బ్యాక్‌బోన్ (ట్యాంకు కింద పోయే ట్యూబు) దగ్గర కీలు, కింద డౌన్‌ట్యూబ్ (ఇంజిన్ ముందు నుంచి దిగే ట్యూబు) దగ్గర ఖాళీ. కీలు నుంచి డౌన్‌ట్యూబ్ అతుకు 180 మి.మీ. దూరంలో ఉండి, 8 డిగ్రీలు తిప్పితే అక్కడ 25 మి.మీ. ఖాళీ వస్తుంది. 50 మి.మీ. బ్యాక్‌బోన్ ట్యూబుకి అడుగున 7 మి.మీ. నోరు తెరుచుకుంటుంది. కొందరు పై చర్మం ఉంచేసి వంచి, ఆ నోటిని వెల్డ్ మెటల్‌తో పూడుస్తారు. దానికంటే ట్యూబుని పూర్తిగా కోసి లోపల స్లగ్ పెట్టడం నూరు రెట్లు నయం. గ్యాస్ టార్చితో నెక్ చుట్టూ ఎర్రగా కాల్చి వంచే పాత పద్ధతి అసలు వద్దు. ట్యూబు ఒక పక్క సాగి పలచబడుతుంది, రెండో పక్క ముడతపడుతుంది, పగులు ఆ ముడతలోనే మొదలవుతుంది.

స్లగ్ అంటే ట్యూబు లోపల బిగుతుగా దూరే ఇంకో ట్యూబు ముక్క. కోతకి అటు 40–50 మి.మీ., ఇటు 40–50 మి.మీ. వచ్చేలా ఉండాలి. బయటి ట్యూబుకి రెండు వైపులా 10 మి.మీ. రంధ్రాలు వేసి వాటిలోంచి స్లగ్‌ని ప్లగ్ వెల్డ్ చేయాలి. డౌన్‌ట్యూబ్‌లో వచ్చిన 25 మి.మీ. ఖాళీని అదే మందం ట్యూబు రింగుతో నింపి, స్లగ్ దాని లోంచి రెండు పక్కలకీ పోయేలా చూడాలి. కొత్త ట్యూబు డీవోఎం రకం (మాండ్రెల్ మీద లాగి కచ్చితమైన కొలతకి తెచ్చిన ట్యూబు), 3 మి.మీ. మందం తీసుకోండి. అంచులు 30 డిగ్రీలు వాల్చి, మధ్యలో ఒకటిన్నర నుంచి 2 మి.మీ. సందు వదిలితే వేడి వేరుదాకా దిగుతుంది. టిగ్ వెల్డింగ్, ఈఆర్70ఎస్-2 ఫిల్లర్ మామూలు ఉక్కుకి సరిపోతాయి.

ముందు నాలుగు టాకులు (చిన్న చుక్క వెల్డులు) ఎదురెదురుగా వేసి, జిగ్ మీంచి తీయకుండానే కోణం, నిలువు మళ్లీ కొలవండి. తర్వాత ఒక పక్క 25 మి.మీ. గీత, దానికి ఎదురు పక్క 25 మి.మీ. గీత, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. నీళ్లు కొట్టి చల్లార్చకూడదు, అతుకు పెళుసవుతుంది. వెల్డ్ ఎప్పుడూ చల్లారేటప్పుడు తన వైపుకి లాగుతుంది. డౌన్‌ట్యూబ్ చుట్టూ ఒకేసారి తిప్పి వేస్తే 38 అనుకున్నది 37కి వచ్చి ఆగుతుంది.

అతుకు పూర్తయ్యాక గసెట్లు, అంటే మూలల్ని బలపరిచే రేకు ముక్కలు. 4–5 మి.మీ. రేకుతో నెక్‌కీ డౌన్‌ట్యూబ్‌కీ మధ్య ఒకటి, నెక్‌కీ బ్యాక్‌బోన్‌కీ మధ్య ఒకటి. గసెట్ చివర నేరుగా కోసినట్టు ఆగకూడదు, చేప తోకలా లోపలికి వంపు తిరగాలి. నేరుగా ఆగిన చోట బరువంతా ఒకే గీత మీద పడి ట్యూబు అక్కడే చీలుతుంది. పని అయ్యాక అతుకుల మీద డై పెనెట్రెంట్ (పగుళ్లని బయటపెట్టే రంగు ద్రవం) కొట్టి చూడాలి. గ్రైండర్‌తో అతుకుని నున్నగా అరగదీసి రంగు వేస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ బలమిచ్చే లోహాన్నే తీసేసినట్టు. అతుకు కనిపించనివ్వండి.

ఇలాంటి వెల్డింగ్ ట్యూబు ఫ్రేముల మీద రోజూ చేసే చేతికే ఇవ్వాలి. కోత, కొలత మీరు చేసుకోవచ్చు. గేటు వెల్డ్ చేసే చేతికి నెక్ ఇవ్వకండి.

బిగింపు, పరీక్ష

కొత్త టేపర్ రోలర్ బేరింగులు వేయండి, పాతవి మళ్లీ ఎక్కించకండి. బేరింగ్ కప్పు చేత్తో నెడితే దిగిపోతే రంధ్రం సాగినట్టు. సుత్తితో కొట్టినా పోకపోతే గుండ్రం తప్పినట్టు, రీమర్ పెట్టించాలి. స్టీరింగ్ స్టాపులు పాత చోట పనిచేయవు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఫోర్కు కాళ్లు ట్యాంకుని తాకకముందే స్టాప్ ఆనాలి. కింది టీకి, ఫ్రేమ్‌కి కొత్త స్టాపులు పెట్టించుకోండి. క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్లు, బ్రేక్ హోస్, లైటు వైర్లు అన్నీ పొట్టివవుతాయి. ఫోర్కుని పూర్తిగా సాగదీసి, హ్యాండిల్ రెండు పక్కలకీ తిప్పి ఏదైనా బిగుసుకుంటోందా చూడండి. ఇంజిన్ నడుస్తుండగా హ్యాండిల్ తిప్పినప్పుడు ఆర్‌పీఎం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతున్నట్టే.

బేరింగ్ బిగుతు విషయంలో ఒక జాగ్రత్త. చక్రాన్ని గాల్లో లేపి వదిలితే ఎంత తేలిగ్గా పక్కకి పడుతుందో చూసి బిగుతు అంచనా వేయడం మామూలు బండికి పనికొస్తుంది. వాలిన ఫోర్కు దాని బరువుకే జోరుగా పడుతుంది, అందుకని ఆ అలవాటుతో అతిగా బిగించేస్తారు. ఫోర్కు కాళ్లు కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ కుదిపి ఆట లేకుండా చూడండి, తిప్పినప్పుడు మధ్యలో ఆగినట్టు, పట్టేసినట్టు ఉండకూడదు. అంతే చాలు.

బండి కూర్చాక, మనిషి ఎక్కి కూర్చుని ఉండగా ట్రెయిల్‌ని నేల మీద గుర్తు పెట్టి కొలవండి. లెక్కకీ దీనికీ 10 మి.మీ. తేడా ఉంటే ఎక్కడో కొలత తప్పింది, వెతకాలి. ముందు టైరు తర్వాత మార్చినా ఇది మళ్లీ చేయాలి: 38 డిగ్రీల నెక్ మీద వ్యాసార్ధం 20 మి.మీ. తగ్గితే ట్రెయిల్ 16 మి.మీ. దాకా పడిపోతుంది.

మొదటి పరీక్ష నడక వేగంలో, ఖాళీ స్థలంలో, రెండు పక్కలకీ ఎనిమిది ఆకారంలో. తర్వాత 40, తర్వాత 60. చేతులు హ్యాండిల్ మీద తేలిగ్గా ఉంచండి, వదలకండి. వేగం పెరిగేకొద్దీ హ్యాండిల్ వణుకు మొదలైతే ఆగిపోండి. అప్పుడు ముందుగా చూడాల్సింది టైరు బ్యాలెన్స్, చక్రాల వరుస, బేరింగ్ ఆట. ఇవి సరిగ్గా ఉండి కూడా వణుకుతుంటే ట్రెయిల్ తక్కువైంది, ఇంకా తక్కువ కోణం ఉన్న టీ వేయాలి. మెల్లగా పోతున్నప్పుడు పడిపోతున్నట్టుండి, వేగంలో బాగుంటే ట్రెయిల్ ఎక్కువైంది. దానికి ఎక్కువ కోణమున్న టీ మందు, కాకపోతే మళ్లీ పూర్తి లెక్క వేశాకే.

మొదటి 200 కి.మీ. తర్వాత టీ పించ్ బోల్టులు, స్టెమ్ నట్టు, యాక్సిల్ నట్టు టార్క్ రెంచితో మళ్లీ చూడండి. అప్పుడే టార్చిలైటు పెట్టి గసెట్ల చివరలు, డౌన్‌ట్యూబ్ అతుకు కింది భాగం పరిశీలించండి. రంగులో వెంట్రుక మందం గీత కనిపించినా, దాని పక్కన తుప్పు మరక కనిపించినా బండి పక్కన పెట్టి, రంగు గీకి, డై పెనెట్రెంట్ కొట్టాల్సిందే. 1000 కి.మీ. దగ్గర ఇంకోసారి, ఆ తర్వాత ఆయిల్ మార్చినప్పుడల్లా.